మూసిన వార్డులో అటెండరు పని: చట్టం అడుగుతున్నది ఎంత, వార్డులో ఉన్నది ఎంత

## క్లుప్తంగా

మానసిక వైద్యశాలల మూసిన వార్డుల్లో, అంటే తాళం వేసి ఉంచే వార్డుల్లో, రోగి పక్కన 24 గంటలూ ఉండేది ఆయాలు, అటెండర్లు. రోగిని ఒంటరి గదిలో పెట్టి తాళం వేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పూర్తిగా నిషేధించింది. కట్టివేయడాన్ని మరో దారి లేని క్షణాలకే పరిమితం చేసింది. ఒకప్పుడు గది, గొలుసు చేసిన పనిని ఇప్పుడు మనుషులు చేయాలి. ఆ మనుషులు ఎంతమంది ఉన్నారు, వాళ్లకు ఏం నేర్పారు అన్నది తెలియకుండా వార్డుల్లో జరిగే దాడులు, పరారీలు, మరణాలు అర్థం కావు.

మానసిక వైద్యశాల నుంచి ఎవరైనా తప్పించుకున్నా, వార్డులో ఎవరైనా ప్రాణం తీసుకున్నా, సిబ్బంది రోగిని కొడుతున్న వీడియో ఫోన్లలో తిరిగినా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: అక్కడున్నవాళ్లు ఏం చేస్తున్నట్టు? సాధారణంగా విచారణ ఒక అటెండరు దగ్గర ఆగుతుంది. తప్పు చేసినవారిని వెనకేసుకు రావాల్సిన పని లేదు. కానీ అక్కడున్నవాళ్లు రోజంతా ఏం చేస్తారో తెలియకుండా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు.

## ఎవరీ సిబ్బంది

హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం, విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల తెలుగువారికి బాగా తెలిసిన రెండు పెద్ద సంస్థలు. ఇలాంటి ఆసుపత్రుల్లో డాక్టరు రౌండ్లకు వస్తారు, నర్సు మందులు, ఇంజెక్షన్లు, రికార్డులు చూస్తారు. మిగిలిన పనంతా ఎం.ఎన్.ఓ. (పురుషులు), ఎఫ్.ఎన్.ఓ. (మహిళలు) అని పిలిచే నర్సింగ్ ఆర్డర్లీలదీ, ఆయాలదీ, వార్డుబాయ్‌లదీ, ఏజెన్సీ ద్వారా వచ్చే పేషెంట్ కేర్ సిబ్బందిదీ.

కాగితం మీద వాళ్లది ఎత్తడం, దించడం, శుభ్రం చేయడం. వాస్తవంలో స్నానం చేయించడం, తినిపించడం, తలలు లెక్కపెట్టడం, నిఘా ఉంచడం, గొడవ ఆపడం, ఎక్స్‌రేకీ జనరల్ ఆసుపత్రికీ వెంట వెళ్లడం, పోలీసు ఎస్కార్టుతో పాటు కోర్టు వరకు తోడుండటం కూడా వాళ్ల మీదే పడతాయి.

వార్డులూ ఒక రకం కావు. కుటుంబసభ్యుడు తోడుండే ఓపెన్ వార్డులో అటెండరు పని సగం ఆ తోడుమనిషే చేస్తాడు. తోడు లేనివారు, రోడ్డు మీద దొరికినవారు, తీవ్రమైన ఉద్రేకంలో ఉన్నవారు ఉండేది మూసిన వార్డు. కోర్టులు, జైళ్లు పంపినవారిది ఖైదీల వార్డు. మానసిక అనారోగ్యం ఉన్న నిందితుల విషయంలో 2024 జులై 1 నుంచి, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 27వ అధ్యాయం, అంటే 367 నుంచి 378 వరకు సెక్షన్లు వర్తిస్తున్నాయి. ఖైదీల వార్డు బయట పోలీసు కాపలా ఉన్నా లోపల ఉండాల్సింది ఆసుపత్రి మనుషులే. కేసు ఏమిటన్నది వాళ్లకు భద్రత కోణంలో తెలియాలి, కానీ దాన్ని బట్టి అన్నం పెట్టే తీరు మారకూడదు. ఖైదీల వార్డులో మొదటి నెలలో నేర్చుకోవాల్సిన కష్టమైన పాఠం ఇదే.

## చట్టం ఏం మార్చింది

1912 నాటి లూనసీ చట్టం, దాని తర్వాత 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రధానంగా ఎవరిని లోపల పెట్టాలి, ఎలా పెట్టాలి అన్నదాని చుట్టూ తిరిగాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమం కాలిపోయినప్పుడు గొలుసులతో కట్టి ఉన్న రోగులు కదల్లేక 28 మంది చనిపోయారు. లోపల ఉన్నవారికి ఏం జరుగుతోందన్న ప్రశ్నను ఆ దుర్ఘటన దేశం ముందు పెట్టింది.

2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన 2017 చట్టం ఆ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చింది. 95వ సెక్షన్ ఏ రూపంలోనైనా సరే గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. 97వ సెక్షన్ ఏకాంత నిర్బంధాన్ని తోసిపుచ్చింది. శారీరకంగా కట్టడి చేయాలంటే రెండు షరతులు: రోగికో ఇతరులకో తక్షణం జరగబోయే హానిని ఆపడానికి అదొక్కటే మార్గమై ఉండాలి, చికిత్స చేస్తున్న సైకియాట్రిస్టు అనుమతి ఉండాలి. ఎందుకు కట్టారు, ఎలా కట్టారు, ఎంతసేపు అన్నది వెంటనే కేసు షీటులో రాయాలి. రోగి ప్రతినిధికి 24 గంటల్లో తెలపాలి. రోగుల హక్కుల అమలును చూసే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు ప్రతి నెలా నివేదిక పంపాలి. శిక్షగానో బెదిరింపుగానో కట్టకూడదు. సిబ్బంది తక్కువగా ఉన్నారన్న కారణంతో అసలే కట్టకూడదు.

20వ సెక్షన్ రోజువారీ బతుకును పట్టించుకుంది. బలవంతంగా గుండు చేయకూడదు. సొంత బట్టలు వేసుకుంటానంటే యూనిఫాం రుద్దకూడదు. వార్డు పని చేయమని బలవంతపెట్టకూడదు, చేస్తే తగిన ప్రతిఫలం ఇవ్వాలి. ఆడవారికి నెలసరి అవసరాలు అందాలి. ఉల్లంఘనకు 108వ సెక్షన్ కింద మొదటిసారి 6 నెలల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఈ నిబంధనల్లో ఏ ఒక్కటి చూసినా వార్డులో దాన్ని అమలు చేయాల్సింది అటెండరే. గుండు గీస్తే పేలు పోతాయి, పది నిమిషాల పని. గుండు లేకుండా పేలు వదిలించాలంటే మందు రాయాలి, దువ్వాలి, వారం తర్వాత మళ్లీ చూడాలి. హక్కు ఇచ్చిన ప్రతిచోటా చట్టం ఎవరో ఒకరి సమయాన్ని కూడా అడిగింది. ఆ సమయం ఎక్కడి నుంచి తేవాలో మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు.

## షిఫ్టు ఎలా నడుస్తుంది

చాలా ప్రభుత్వాసుపత్రుల్లో ఉదయం 8 నుంచి 2, 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి ఉదయం 8 అనే పద్ధతి ఉంది. షిఫ్టు మార్పు వార్డుకు బలహీనమైన సమయం. ఇద్దరు సిబ్బంది తలుపు దగ్గర మాట్లాడుకుంటుంటే వార్డు మీద ఎవరి కన్నూ ఉండదు. అందుకే వెళ్లే బృందం, వచ్చే బృందం కలిసి మంచం మంచం తిరుగుతూ అప్పగించుకోవాలి. చెప్పాల్సినవి కొన్నే: మొత్తం ఎందరు, కొత్తగా వచ్చినవారు ఎవరు, ఎవరు తినలేదు, ఎవరికి ఇంజెక్షన్ పడింది, ఎవరికి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, రేపు ఎవరికి కోర్టు వాయిదా ఉంది, ఎవరు తమంతట తాము చేరారు, ఎవరిని 89వ సెక్షన్ కింద, అంటే ప్రతినిధి దరఖాస్తు మీద చేర్చారు. ఆఖరిది తరచూ వదిలేస్తారు. స్వయంగా చేరిన రోగి వెళ్తానంటే, 88వ సెక్షన్ ప్రకారం పరీక్ష కోసం గరిష్ఠంగా 24 గంటలు మాత్రమే ఆపవచ్చు, అదీ డాక్టరు నిర్ణయంతో. ఆ సంగతి తెలియని అటెండరు "నిన్ను వదిలేది లేదు పో" అంటే అది అబద్ధం, పైగా గొడవకు నాంది.

లెక్క అంటే మంచాలను కాదు, మనుషులను లెక్కపెట్టడం. రాత్రి దుప్పటి కింద దిండు పెట్టి పోయినవారున్నారు. నిద్రలో మత్తు మందు ఎక్కువై ఊపిరి మందగించినవారూ ఉంటారు. ఛాతీ కదలిక కనిపించేదాకా మంచం దగ్గర నిలబడాలి. టార్చి ముఖం మీద వేయకూడదు, గోడ మీద వేస్తే ఆ వెలుతురు చాలు. తనిఖీ ప్రతి 15 నిమిషాలకు అంటే గడియారం చూసుకుని సరిగ్గా 15కే వెళ్లకూడదు. ఆ లయ రెండు రాత్రుల్లో వార్డంతటికీ తెలిసిపోతుంది. 9 నిమిషాలకు ఒకసారి, 14కు ఒకసారి, 6కు ఒకసారి వెళ్లాలి. షిఫ్టు చివర కూర్చుని గడులన్నీ ఒకే పెన్నుతో నింపడం పెద్ద తప్పు, దురదృష్టవశాత్తూ మామూలుగా జరిగే తప్పు కూడా. ప్రాణం తీసుకోవాలని నిశ్చయించుకున్న వ్యక్తిని 15 నిమిషాల తనిఖీ ఆపలేదు. అలాంటివారికి చెయ్యి చాపితే అందే దూరంలో ఒక మనిషి ఉండాలి, స్నానాల గదితో సహా.

తాళాల గుత్తి నడుముకు కట్టి ఉండాలి. రోగికే కాదు, తోటి సిబ్బందికి కూడా చేతికిచ్చి పంపకూడదు. రెండు తలుపులున్నచోట ఒకటి మూసుకున్నాకే రెండోది తెరవాలి. పారిపోవడానికి గోడ దూకడం కంటే భోజనం బండి, చాకలి మూట, సందర్శకులు వచ్చే వేళల్లో తెరిచి ఉన్న తలుపే తేలిక.

సోదా సున్నితమైన పని. అగ్గిపెట్టె, బ్లేడు, బెల్టు, షూ లేసు, ఫోన్ ఛార్జరు తీయడం ఎవరికైనా తెలుసు. పైజామా నాడా, మొలతాడు, చున్నీ, పిన్నీసు, గాజు గాజులు కూడా చూడాలి. మంగళసూత్రం, తాయెత్తు తీయించడం మరీ కష్టం. అక్కడ చెయ్యి వేసి లాగితే ఆ రోగి వార్డులో ఉన్నంతకాలం ఎవరినీ దగ్గరకు రానివ్వదు. ఎఫ్.ఎన్.ఓ. లేదా ఆయా, పక్కన నర్సు ఉండగా, ఎందుకు తీస్తున్నారో చెప్పి, ఏమేం తీశారో ఆమె ముందే రాసి, కుటుంబం ఉంటే వారి సంతకంతో అప్పగించాలి. చీర విషయంలో అందరికీ ఒకే రూలు పెట్టడం సొంత బట్టల హక్కుకు విరుద్ధం. ఎవరికి ప్రమాదముందో డాక్టరు అంచనా వేసి, వారికే వేరే ఏర్పాటు చేయాలి.

మాత్ర ఇచ్చాక నీళ్లు తాగించి, నోరు తెరిపించి, నాలుక కింద, బుగ్గలో చూడాలి. ఒక నిమిషం మాట్లాడిస్తే దాచిన మాత్ర తెలిసిపోతుంది. దాచినవి పోగు పడితే ఒకేసారి మింగే ప్రమాదం ఉంది, కొన్నింటికి వార్డులోనే గిరాకీ ఉంటుంది. భోజనం దగ్గర గరిటెలు, స్పూన్లు లెక్కపెట్టడంతో పాటు తినే వేగం చూడాలి. మత్తు మందుల మీద ఉన్నవారికి మింగే శక్తి మందగిస్తుంది. ఉడికిన గుడ్డు మొత్తంగా నోట్లో పెట్టుకున్న రోగికి ఊపిరాడకపోవడం అరుదైన సంగతి కాదు. నాలుగు ముక్కలు చేసి ఇవ్వడానికి అర నిమిషం పడుతుంది.

## గొడవ ఎలా పుడుతుంది

వార్డు హింసను రోగి లక్షణంగా మాత్రమే చూడటం సులువు. భ్రమలు, చెవిలో వినిపించే మాటలు కారణమయ్యే సందర్భాలు నిజంగానే ఉన్నాయి. కానీ వార్డులో పనిచేసినవారికి ఇంకొకటి తెలుసు. చాలా దాడులకు ముందు ఒక "కుదరదు" ఉంటుంది. బీడీకి కుదరదు, ఇంటికి ఫోన్‌కు కుదరదు, ఇంకొంచెం అన్నానికి కుదరదు, డిశ్చార్జికి కుదరదు.

మూసిన వార్డులో ఉన్న మనిషికి ఏది కావాలన్నా ఒకే దారి. సబ్బు, నీళ్లు, దుప్పటి, ఫోన్, అన్నీ సిబ్బంది చేతి మీదుగా రావాలి. 40 మందికి ఇద్దరున్నచోట సహజంగా వచ్చే జవాబు "తర్వాత". ఆ "తర్వాత" ఎప్పటికీ రాదు. మరోసారి అడిగితే కసురు. ఇంకోసారి కిటికీ అద్దం పగులుతుంది. అప్పుడు నలుగురు పరుగెత్తుకొస్తారు. అడిగితే దొరకనిది పగలగొడితే దొరుకుతుందని ఆ రోగికే కాదు, చూస్తున్న 39 మందికీ వార్డే నేర్పింది. తర్వాతి వారం అద్దాలు ఎక్కువ పగులుతాయి, సిబ్బంది ఇంకా కఠినమవుతారు, "తర్వాత"లు ఇంకా పెరుగుతాయి.

ఈ వలయాన్ని తెంచవచ్చని చూపిన పరిశోధన ఉంది. ఇంగ్లండులో 15 ఆసుపత్రుల 31 వార్డుల్లో సేఫ్‌వార్డ్స్ అనే పద్ధతిని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. గొడవలు 15 శాతం, నిర్బంధ చర్యలు 26.4 శాతం తగ్గాయి. అందులో ఉన్న 10 మార్పుల్లో ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు. చెడు కబురు రాబోతుంటే ముందే తెలుసుకుని పక్కన కూర్చోవడం, షిఫ్టు మార్పులో ప్రతి రోగి గురించి ఒక మంచి మాట చెప్పడం, ఒకరి గొడవ తర్వాత మిగిలినవారికి ధైర్యం చెప్పడం, కాదని చెప్పాల్సినప్పుడు మాట తీరు మార్చడం లాంటివే.

ముందస్తు హెచ్చరికకు నార్వేలో రూపొందిన బ్రోసెట్ జాబితా చాలా దేశాల్లో వాడుకలో ఉంది. అయోమయం, చిరాకు, గోల, మాటలతో బెదిరింపు, చేతలతో బెదిరింపు, వస్తువుల మీద దాడి, ఈ ఆరింటికి ఉంటే 1, లేకపోతే 0. మొత్తం 2 దాటితే వచ్చే 24 గంటల్లో దాడికి అవకాశం ఎక్కువని లెక్క. షిఫ్టుకు ఒకసారి, మనిషికి ఒక నిమిషం పని. అయితే అంకె వేసి ఊరుకుంటే ప్రయోజనం లేదు. ఆ రోగిని ఎవరు చూస్తారు, ఎక్కడ కూర్చోబెడతారు, ఏం ఇస్తే తగ్గుతాడు అన్నది అదే పూట తేల్చాలి. "తగ్గుతాడు" అన్నదానికి జవాబు అతనికి స్నానం చేయించే అటెండరుకే ఎక్కువ తెలుసు, కేసు షీటులో దాన్ని రాసే చోటే ఉండదు.

ఉద్రేకంలో ఉన్నవారి దగ్గరకు వెళ్లే పద్ధతి నేర్చుకుంటే వచ్చేది. రెండు చేతుల దూరం ఉంచాలి. ఎదురుగా ఛాతీ విరుచుకుని కాకుండా కాస్త పక్కకు తిరిగి నిలబడాలి. తలుపుకు అడ్డం నిలబడకూడదు, రోగికీ తమకూ బయటికి దారి ఉండాలి. అరచేతులు కనిపించాలి. మాట్లాడేది ఒక్కరే. ముగ్గురు మూడు వైపుల నుంచి "కూర్చో, కూర్చో" అంటే విన్నవారికి అది ముట్టడిలాగే ఉంటుంది. భ్రమతో వాదించకూడదు, అలాగని అవునని ఒప్పుకోకూడదు. "మీకు భయంగా ఉందని తెలుస్తోంది, ఇక్కడ నేనున్నాను" అంటే చాలు. రెండు దారులు చూపాలి: "వరండాలో కూర్చుందామా, మంచం దగ్గరా?" ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య పది సెకన్లు వదలాలి. మందుల మీద ఉన్న మెదడుకు ఆ సమయం కావాలి.

పిలుపు గురించి శిక్షణ పుస్తకాలు పెద్దగా చెప్పవు, మన వార్డుల్లో మాత్రం అదే కీలకం. తండ్రి వయసు వ్యక్తిని "ఒరేయ్" అన్న కుర్ర అటెండరు ఆ పూట దెబ్బ తినడానికి సగం కారణం తానే సృష్టించుకున్నాడు. పేరు చివర గారు, లేదా అన్నా, అక్కా, పెద్దాయనా, అమ్మా అన్న పిలుపుతో వార్డు నడిపే ఆయాలు దాదాపు ప్రతి ఆసుపత్రిలోనూ ఉన్నారు. వాళ్ల షిఫ్టులో గొడవలు తక్కువని నర్సులకు తెలుసు. ఈ నైపుణ్యానికి జీతంలో విలువ లేకపోవడం అన్యాయం.

## గొడవలా కనిపించే రోగం

ఉద్రేకం అనుకున్నది మందు దుష్ఫలితమో, శరీర రోగమో కావచ్చు. దాన్ని ముందు చూసేది అటెండరే కాబట్టి ఈ కొన్ని గుర్తులు ప్రతి ఒక్కరికీ నేర్పాలి.

భ్రమలను తగ్గించే హాలోపెరిడాల్ వంటి మందులు మొదలుపెట్టిన రోజుల్లో రోగి కూర్చోలేక, నిలవలేక అటూ ఇటూ తిరుగుతుంటే అది అకథీసియా కావచ్చు. మొండితనం అనుకుని ఇంకో ఇంజెక్షన్ వేయిస్తే బాధ రెట్టింపవుతుంది. మెడ ఒక పక్కకు మెలి తిరగడం, కనుగుడ్లు పైకి నిలిచిపోవడం, నాలుక బయటికి రావడం డిస్టోనియా. నటన అనిపించేలా ఉంటుంది, కానీ వెంటనే నర్సుకు చెప్పాల్సిన అత్యవసరం. జ్వరం, ఒళ్లు కర్రలా బిగుసుకోవడం, అయోమయం కలిసి వస్తే ప్రాణాపాయం. అదే కోవకు చెందిన క్లోజాపిన్ మీద ఉన్నవారికి మలబద్ధకం పేగుల దాకా వెళ్లి చంపగలదు. మూడు రోజులుగా విరేచనం కాలేదన్నది స్నానాల గది దగ్గరి మనిషికే తెలుస్తుంది. అదే మందు మీద జ్వరం, గొంతునొప్పి వస్తే ఆ రోజే రక్తపరీక్ష జరగాలి.

మూడ్ మార్పులను అదుపు చేసే లిథియం తీసుకునేవారికి వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు, తూలడం వస్తే ఒంట్లో మందు పెరిగిపోతోందని అనుమానించాలి. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రమాదం ఎక్కువ. మందుల దుష్ఫలితాలను తగ్గించడానికి ఇచ్చే పాసిటేన్ వంటి మాత్రలు చెమటను తగ్గిస్తాయి, అందువల్ల వడదెబ్బ తగలడమూ తేలికవుతుంది. వేసవిలో మూసిన వార్డుల్లో గంటగంటకూ బిందె పట్టుకుని తిరిగి నీళ్లు తాగించడం చికిత్సలో భాగం. మరోవైపు కుళాయి దగ్గర నుంచి కదలకుండా అదే పనిగా నీళ్లు తాగే రోగులూ ఉంటారు. రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ వస్తాయి. ఉదయం, సాయంత్రం బరువు తూస్తే ముందే తెలుస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేకంగా చెప్పాల్సింది మద్యం, కల్తీ కల్లు. మద్యం మానిన 48 నుంచి 72 గంటల మధ్య చేతులు వణికి, లేని పురుగుల్ని ఏరుతూ, మంచం దిగి పారిపోబోయే రోగి పిచ్చి ముదిరినవాడు కాదు. అది డెలీరియం ట్రెమెన్స్, చికిత్స లేకపోతే ప్రాణం పోవచ్చు. తెలంగాణలో ఆల్ప్రజోలం, డైజిపామ్ అనే మత్తు మందులు కలిపిన కల్లు దొరకడం ఆగిన ప్రతిసారీ ఆసుపత్రులకు ఇలాంటివారు వరసగా వస్తారు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డలో రద్దీ ఒక్కసారిగా పెరిగింది. ఇలాంటి రోగిని కట్టేసి వెళ్లిపోతే ఫిట్స్ వచ్చినా చూసేవారుండరు.

## కట్టక తప్పనప్పుడు

మాట పనిచేయక, హాని కళ్ల ముందుంటే పట్టుకోవాలి. అయిదుగురు కావాలి: కాళ్లకూ చేతులకూ ఒక్కొక్కరు, తల దగ్గర ఒకరు. తల దగ్గర ఉన్నవారే మాట్లాడతారు, ఊపిరి చూస్తారు, వదలమని చెప్పే అధికారం కూడా వారిదే. కీళ్ల మీద బరువు వేయకూడదు. వీపు మీద, ఛాతీ మీద, మెడ మీద మోకాలు పెట్టకూడదు. బోర్లా పడుకోబెట్టి నొక్కడం వల్ల ఊపిరాడక చనిపోయిన ఘటనలు చాలా దేశాల్లో నమోదయ్యాయి. "ఊపిరాడటం లేదు" అని రోగి అరిస్తే అరవగలుగుతున్నాడు కదా అనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు.

చాలాచోట్ల మెత్తని పట్టీలు లేక పల్చటి గాజ్ కట్టుగుడ్డతోనో దుప్పటి చింపో కడతారు. రోగి లాగేకొద్దీ ఆ ముడి బిగుస్తుంది. రక్తం ఆగుతుంది, నరం నొక్కుకుపోయి చెయ్యి వాలిపోతుంది. పట్టీకీ చర్మానికీ మధ్య రెండు వేళ్లు దూరాలి. వెల్లకిలా, తల ఎత్తుగా పడుకోబెట్టాలి. కనీసం 15 నిమిషాలకోసారి వేళ్ల రంగు, వేడి, నాడి, ఊపిరి చూసి రాయాలి. రోగి అడిగే స్థితిలో లేకపోయినా నీళ్లు కావాలా, మూత్రానికి వెళ్లాలా అని మనమే అడగాలి. వదిలేటప్పుడు ఒక చెయ్యి, కాసేపాగి ఒక కాలు, అలా ఒక్కొక్కటే వదలాలి.

ఇంజెక్షన్ వేయడం డాక్టరు, నర్సుల పని, తర్వాత చూడటం అటెండరు పని. వేలూరులో 200 మంది ఉద్రిక్త రోగుల మీద జరిగిన అధ్యయనం 2004లో వెలువడింది. హాలోపెరిడాల్ 10 మిల్లీగ్రాములతో ప్రోమెథజీన్ కలిపి ఇచ్చినా, లొరాజిపామ్ 4 మిల్లీగ్రాములు ఇచ్చినా రోగులు శాంతించారు, మొదటిది త్వరగా పనిచేసింది. త్వరగా నిద్రపట్టిన మనిషి లేచేటప్పుడు బీపీ పడిపోయి కూలిపోవచ్చు. అర్ధరాత్రి బాత్రూం దారిలో తుంటి విరిగే వృద్ధుల కథ చాలాసార్లు సాయంత్రపు ఇంజెక్షన్ దగ్గరే మొదలవుతుంది.

గొడవ ముగిశాక రోగితో, చూసినవారితో, దెబ్బ తిన్న సిబ్బందితో మాట్లాడటం మన దగ్గర దాదాపు లేదు. నేల తుడిచి పనిలో పడతారు. దెబ్బ తిన్న అటెండరు మర్నాడు అదే రోగికి అన్నం పెట్టాలి. ఆ భయం, కోపం ఎక్కడికీ పోవు. వార్డు హింసలో సిబ్బంది వైపు నుంచి వచ్చే భాగానికి ఇది ముఖ్యమైన మూలం.

## బయటి దేశాలతో పోలిక

అమెరికాలో ఏకాంత గది, కట్టివేత రెండూ అనుమతి ఉన్నవే, కాకపోతే కాలపరిమితితో. కేంద్ర నిబంధనల ప్రకారం హింసను అదుపు చేసేందుకు ఇచ్చే ఆదేశం పెద్దవారికి 4 గంటలు, 9 నుంచి 17 ఏళ్లవారికి 2 గంటలు, 9 ఏళ్లలోపువారికి 1 గంట మించకూడదు. కొనసాగించాలంటే కొత్త ఆదేశం కావాలి. గంటలోపు అర్హతగలవారు రోగిని ముఖాముఖి పరీక్షించాలి. కాలిఫోర్నియాలో సైకియాట్రిక్ టెక్నీషియన్ అన్నది కోర్సు, పరీక్ష, లైసెన్సు ఉన్న వృత్తి. అయినా అక్కడి నాపా స్టేట్ ఆసుపత్రిలో 2010లో ఒక టెక్నీషియన్ రోగి చేతిలో హత్యకు గురయ్యాక గానీ ఆవరణంతా పనిచేసే వ్యక్తిగత అలారాలు రాలేదు. ఇంగ్లండు 2018లో మానసిక వార్డుల్లో బలప్రయోగం మీద ప్రత్యేక చట్టమే చేసింది. సిబ్బంది శిక్షణ, ప్రతి ఘటన నమోదు అందులో తప్పనిసరి.

భారత చట్టం ఏకాంత గదిని అసలు ఒప్పుకోదు కాబట్టి ఒక కోణంలో ఈ రెండింటికంటే కఠినమైనది. అది మంచి నిర్ణయం. ఒంటరి గది రోగి స్థితిని దిగజార్చడం వార్డు సిబ్బందికి అనుభవంలో ఉన్నదే. కానీ గది లేని దేశంలో గది ఉన్న దేశంకంటే ఎక్కువమంది మనుషులు కావాలి. మన దగ్గర ఉన్నది దీనికి తలకిందులు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు చేసినవారు దొరికినా అది సాధారణ ఆసుపత్రి పనికి ఉద్దేశించింది. మూసిన వార్డు పని చాలామంది పక్కవారిని చూసి నేర్చుకుంటారు. పక్కవారు కసరడం నేర్చుకుని ఉంటే కసరడమే వస్తుంది.

## లోటు ఎలా పనిచేస్తుంది

ఒక రోగి పక్కన 24 గంటలూ ఒక మనిషి ఉండాలని డాక్టరు రాశారనుకుందాం. రోజుకు 3 షిఫ్టులు, వారానికి 21. ఒక్కొక్కరు వారానికి 6 షిఫ్టులు చేస్తే మూడున్నర మంది కావాలి. సెలవులు, జ్వరాలు కలిపితే నలుగురికి తక్కువ కాదు. ఒక్క రోగికి ఇది. అలాంటివారు వార్డులో ఒకేసారి ముగ్గురుంటే 12 మంది. రాత్రికి ఇద్దరున్న వార్డులో ఆ ఆదేశం రాసిన క్షణమే అమలు కానిదవుతుంది. ఆ ఇద్దరిలో ఒకరు ఛాతీ నొప్పి వచ్చిన రోగిని తీసుకుని జనరల్ ఆసుపత్రికి వెళ్తే మిగిలేది ఒక్కరు. అయిదుగురు పట్టుకోవాల్సిన మనిషిని ఒక్కరు పట్టుకోలేరు. కాబట్టి గొడవ రాకముందే "ఎందుకైనా మంచిది" అని కట్టేస్తారు, లేదా మందు మోతాదు పెంచమని అడుగుతారు. సిబ్బంది కొరతతో కట్టకూడదన్న నిబంధన ఇక్కడే, ఎవరి దురుద్దేశం లేకుండానే, ఉల్లంఘన అవుతుంది.

కేసు షీటులో మాత్రం "హింసాత్మక ప్రవర్తన" అనే ఉంటుంది. కారణం గడిలో "ఇద్దరమే ఉన్నాం" అని రాసే అటెండరు, నర్సు ఉండరు, రాస్తే సంజాయిషీ వాళ్లే ఇచ్చుకోవాలి. నెల తిరిగేసరికి రివ్యూ బోర్డుకు వెళ్లే నివేదికలో కట్టినవన్నీ రోగి ప్రవర్తన ఖాతాలోనే పడతాయి. కొరత ఎక్కడా కనిపించదు. కనిపించని కొరతకు పోస్టులు మంజూరు కావు. ఏజెన్సీ కాంట్రాక్టు మారినప్పుడల్లా మనుషులూ మారితే రోగుల గురించి పోగైన జ్ఞానం కూడా వెళ్లిపోతుంది.

దీన్ని బయటపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. కట్టడి రిజిస్టరులో నాలుగు గడులు కలిపితే చాలు: ఆ సమయానికి వార్డులో ఎందరు రోగులున్నారు, విధుల్లో ఎందరున్నారు, వారిలో బలప్రయోగంపై శిక్షణ పొందినవారు ఎందరు, కట్టే ముందు రోగి ఏం అడిగాడు. మొదటి మూడూ హాజరు పట్టీ చూసి నింపేవి కాబట్టి ఎవరినీ సంజాయిషీ అడగలేరు. నాలుగోది అటెండరు చెప్పాలి. మూడు నెలల రిజిస్టరు పక్కపక్కన పెడితే కట్టివేతలు ఏ షిఫ్టులో ఎక్కువో, ఆ షిఫ్టులో ఎందరున్నారో బోర్డు సభ్యులు అంకెల్లో చూడగలరు. ఉద్దేశపూర్వకంగా, పదేపదే 97వ సెక్షన్‌ను పెడచెవిన పెడుతున్న సంస్థను కట్టివేతలు ఆపమని ఆదేశించే అధికారం బోర్డుకు చట్టమే ఇచ్చింది. వార్డులో మనుషులు ఎందరున్నారని అడగడానికి ఆ అంకెలు సరిపోతాయి.